పేటిక మీద కూర్చున్న గిజిగాడు

ఒక పెద్ద అడవిలో ఆటలు కట్టడమే వృత్తిగా బతికే జంతువులు కొన్ని ఉండేవి. ఎండాకాలమంతా అవి ఆటలు కట్టాలి. ముసురు పట్టాక కొండగుహలో చిక్కుకుపోయిన పిల్లజంతువులు వాటితో ఆడుకోవాలి. అదీ ఏర్పాటు.

ఆ ఏర్పాటు సరదాకి పుట్టింది కాదు. ఒక వానాకాలం, ఆడుకోవడానికేమీ లేక విసుగెత్తిన జింకపిల్ల ఒకటి గుహ దాటి వాగు చూడ్డానికి వెళ్ళి కొట్టుకుపోయింది. అడవిదున్న ఒకటి అడ్డుపడి ఒడ్డుకు నెట్టబట్టి బతికింది గానీ, ఒక కాలు కుంటుగానే మిగిలిపోయింది. అప్పుడు అడవిపెద్ద ఎలుగుబంటి భల్లమ్మ అందరినీ పిలిచి చెప్పింది: "ఆటలు కట్టేవాళ్ళు ఇంకే పనీ చెయ్యక్కర్లేదు. వాళ్ళ తిండి అడవి చూసుకుంటుంది. ముసురు నాటికి మాత్రం ఆటలు గుహలో ఉండాలి."

తిండి క్రమం తప్పకుండా వచ్చేది. ఆటలు అంత క్రమంగా వచ్చేవి కావు.

ఈ వృత్తివాళ్ళలో గిజిగాడు నారప్పది పెద్ద పేరు. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు వాడి కార్యాలయం. కొమ్మకొమ్మకీ గడ్డితో అల్లిన ఏవేవో వేలాడుతుండేవి. ఒకటి దాగుడుమూతల గోపురం. ఒకటి ఊయల కోట. అన్నిటికన్నా పెద్దది చిట్టడవి: గడ్డిగోడల మధ్య సందులు, గొందులు, మలుపులు. లోపలికి దూరిన పిల్ల దారి వెతుక్కుంటూ నడిమధ్యనున్న ఇప్పపువ్వు దాకా చేరాలి. వీటన్నిటికీ ఒకటే పోలిక. పైభాగం అద్భుతంగా ఉండేది, కిందిభాగం ఉండేది కాదు.

"ఎప్పటికి పూర్తవుతుంది నారప్పా?" అని ఎవరైనా అడిగితే, వాడు తల పక్కకి వాల్చి, "గడ్డి సహకరించడం లేదండీ," అనేవాడు.

అది అబద్ధమని వాడికీ తెలుసు. గడ్డి ఎప్పుడూ సహకరించింది. సహకరించనిది తన ముక్కే. కొత్త ఆలోచన తట్టినప్పుడు అది చకచకా ఆడేది. పని సగానికొచ్చేసరికి ఇంకో ఆలోచన ఇంకా అందంగా కనబడేది. పైగా పూర్తయిన ఆటని పిల్లలు తొక్కుతారు, పీకుతారు, బాగాలేదంటారు. సగం ఆటని ఎవరూ ఏమీ అనలేరు. "నావన్నీ గొప్ప ఆటలే, ఇంకా తయారవలేదు కాబట్టి," అని వాడు తనలో తాను నవ్వుకునేవాడు. ఎండలు ముదిరేకొద్దీ ఆ నవ్వు పల్చబడుతూ వచ్చేది.

వాడి భార్య ఈనెమ్మకి ఆలోచనలు రావు, ఆటలు ఆడటం వచ్చు. వాడు ఏది అల్లినా ముందు దూరేది ఆవిడే. దూరిన ప్రతిసారీ అవతలి వైపు నుంచి కిందపడి, రెక్కలు దులుపుకుంటూ, "ఏమయ్యా, ఇక్కడ అడుగు లేదు," అనేది.

"అది వస్తుందిలే," అనేవాడు నారప్ప.

అలాంటి ఒక ఎండాకాలంలో, నెమలి కలాపరావు అడవిలోకి దిగాడు.

అవతలి కొండల్లో నెమళ్ళకి పింఛం సంస్థ అని ఒకటి ఉంది. కలాపరావు దానికి ప్రచారకుడు. అడవి మధ్యనున్న చదునైన పెద్ద బండని నాలుగు రోజులు తుడిపించి, దానికి "అరుగు" అని పేరు పెట్టి, అందరినీ రమ్మన్నాడు. వచ్చినవాళ్ళ ముందు మాట కూడా మాట్లాడకుండా పురి విప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ ముడిచి, మళ్ళీ విప్పాడు. మళ్ళీ కొట్టారు.

"మిత్రులారా," అన్నాడు కలాపరావు, "ఇంతవరకూ మీరు ఆటలు కట్టారు. ఇకమీదట ఆటలే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి. ఇదిగో, సర్వకేళి!"

ఆకులు తొలగించి చూపించింది ఒక చెక్కపేటిక. అందులో గంట్లు పెట్టిన నేతపలక ఒకటి ఉంది, గడ్డి పరిచి ఒక్కసారి లాగితే గోడ తయారవుతుంది. గుంటలు వేయడానికి అచ్చు ఉంది. ఎక్కడ నాటితే అక్కడ నిలబడే తయారు చెట్లు ఉన్నాయి. ఈ పేటికతో కట్టిన ఆటని అరుగు మీద పెడితే చుట్టుపక్కల అడవులన్నీ వచ్చి ఆడతాయట. బదులుగా ఆట వాకిట్లో ఒక నెమలీక గుచ్చాలి, అరుగు షరతులకు ఒప్పుకోవాలి.

"ఏమిటా షరతులు?" అని అడిగింది భల్లమ్మ.

"చాలా సులువమ్మా. ఎప్పటికప్పుడు మేమే మారుస్తుంటాం, మీకు గుర్తుపెట్టుకునే శ్రమ ఉండదు."

పేటిక మూత పూర్తిగా తెరుచుకోకముందే కాకి గోలప్ప కొమ్మ మీద నుంచి అరవడం మొదలుపెట్టాడు. "అయిపోయింది! మన వృత్తి అయిపోయింది! ఇవాళ నేతపలక, రేపు మన ముక్కులు కోసి అమ్ముతారు!"

గోలప్ప కట్టే ఆట రాళ్ళు దాచే ఆట. ఎక్కడ దాచాడో వాడే మర్చిపోవడం వల్ల అది ఎప్పుడూ పూర్తి కాలేదు.

ముళ్ళపంది బిరుసయ్య వయసులో పెద్ద. ముళ్ళు ఒకసారి గలగలలాడించి, "నా ముట్టెతో తవ్వనిది గుంటే కాదు," అన్నాడు. "మా రోజుల్లో ఒక బొరియకి ఒక ఏడాది పట్టేది. అదీ ఆటంటే." ఆయన చివరి బొరియ తవ్వకం మొదలై చాలా ఏడాదులైంది.

కొండముచ్చు గెంతులయ్యకి మాత్రం ఆనందం పట్టలేదు. అరుగెక్కి పేటిక చుట్టూ ఎగిరాడు. "పాతవన్నీ తగలబెట్టండి! నేను ఇప్పుడే నా ఊడల ఆట వదిలేస్తున్నాను!" ఊడల ఆట కోసం అంతకుముందు వాడు తీగల ఆట వదిలేశాడు. తీగల ఆట కోసం ఇంకేదో వదిలేశాడు.

అప్పుడు అందరి కళ్ళూ నారప్ప మీద పడ్డాయి. పేరున్నవాడు కదా, ఏమంటాడో అని.

నారప్పకి పేటికలో ఏముందో దూరం నుంచి సరిగ్గా కనబడనే లేదు. గొంతు సవరించుకుని, నెమ్మదిగా అన్నాడు: "ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. లోతుగా చూడాలి."

"ఎంత నిదానం! ఎంత వివేకం!" అని కుందేళ్ళు గుసగుసలాడుకున్నాయి. ఆ మాట చింతకాయ గురించైనా, చిరుతపులి గురించైనా అనొచ్చని నారప్పకి తెలుసు. అయినా వినడానికి బాగుంది. తన నోటి నుంచి ఒక పూర్తయిన వస్తువు బయటికి రావడం వాడికి అదే మొదలు.

సభ ముగిశాక భల్లమ్మ ఆటలవాళ్ళని పక్కకి పిలిచింది. "నెమలి సంగతి సరే. ముసురు దగ్గర పడుతోంది. మీ ఆటలు ఎంతవరకు వచ్చాయి?"

బిరుసయ్య నేల చూశాడు. గెంతులయ్య ఆకాశం చూశాడు. గోలప్ప జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు. నారప్ప కళ్ళ ముందు తుమ్మచెట్టు, దాని మీద అడుగు లేకుండా వేలాడుతున్న బతుకంతా కదిలాయి. ఆ కంగారులోంచే వాడి జీవితంలోకెల్లా గొప్ప ఆలోచన పుట్టింది.

"అమ్మా," అన్నాడు, "పరిస్థితి మారిపోయింది. ఈ సర్వకేళి సంగతి తేల్చుకోకుండా పాత పద్ధతిలో ఆటలు కట్టి పిల్లలకివ్వడం అడవికి ద్రోహం చెయ్యడమే. ముందు మేం దీన్ని పరిశీలించాలి. అభిప్రాయం చెప్పాలి. అభిప్రాయం తేలాకే ఆట."

భల్లమ్మ కాసేపు వాడి మొహంలోకి చూసింది. "ఎన్నాళ్ళు పడుతుంది?"

"లోతుని బట్టి ఉంటుందమ్మా."

"సరే. కానీ పిల్లలు వాగు వైపు వెళ్ళారంటే మాత్రం మీ లోతు నేను చూస్తాను," అని వెళ్ళిపోయింది.

ఆవిడ కనుమరుగు కాగానే బిరుసయ్య నారప్పని కౌగలించుకోబోయాడు. ముళ్ళు గుర్తొచ్చి ఆగాడు. "నువ్వు మా పాలిట దేవుడివి నారప్పా! నా బొరియ సంగతి ఎవరైనా అడుగుతారేమోనని నిద్రపట్టడం లేదు."

ఆ విధంగా సర్వకేళి అభిప్రాయ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు నారప్ప. కలాపరావు సంతోషంగా ఒక పేటికని ఉచితంగా ఇచ్చి వెళ్ళాడు. అధ్యక్షుడికి ఎత్తైన ఆసనం కావాలి కాబట్టి, సంఘం ఆ పేటికని అరుగు మీద పెట్టి నారప్పని దాని మీద కూర్చోబెట్టింది.

ప్రతి సాయంత్రం సభ. మొదట్లో పదిమంది వచ్చారు. తర్వాత పిల్లలూ తల్లులూ వచ్చారు. తర్వాత పక్క అడవుల వాళ్ళు వచ్చారు.

రావడానికి కారణం ఉంది. గోలప్ప ఏడ్చేవాడు. నేతపలక గంట్లు లెక్కపెడితే ఒకటి తక్కువైందని, తన బాల్యం గుర్తొచ్చిందని, ఏదో ఒకటి చెప్పి నిజంగా కన్నీళ్ళు కార్చేవాడు. గెంతులయ్య ప్రతిరోజూ పేటిక మూత కొంచెం ఎత్తి, "అబ్బో!" అని ఎగిరి పడేవాడు. అదే మూత, అదే "అబ్బో", అయినా ప్రతిరోజూ చప్పట్లే. బిరుసయ్య ఒకరోజు అచ్చుని తిట్టి, మర్నాడు అచ్చుని తిట్టని వాళ్ళని తిట్టేవాడు. చివర్లో అధ్యక్షుడు తల పక్కకి వాల్చి, అటూ ఇటూ కాని నాలుగు మాటలు చెప్పేవాడు.

వచ్చినవాళ్ళు నేరేడుపళ్ళు తెచ్చేవాళ్ళు, పాలగింజల కంకులు తెచ్చేవాళ్ళు. పక్క అడవి నుంచి వచ్చిన ఒక కణుజు దుప్పి నారప్పని చూసి, "మీరు అభిప్రాయాలు చెప్పే నారప్ప గారే కదూ!" అని పొంగిపోయింది. "మా పిల్లలు మీ తల వాల్చడం నేర్చుకుంటున్నారండీ."

ఆటలు కట్టినన్నాళ్ళూ వాడిని ఎవరూ అలా పలకరించలేదు. మనసులో ఒక మూల సిగ్గేసింది. ఆ మూలని వదిలేసి మిగతా మనసంతా సంబరపడింది.

నారప్ప తుమ్మచెట్టుకి వెళ్ళడం మానేశాడు. అరుగు పక్కనున్న మద్దిచెట్టు మీదే మకాం. ఒకరోజు వాడు పేటిక మీద కూర్చుని ఉండగా ఈనెమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"ఏమయ్యా, ఇంటికి రావా?"

"సంఘం పనులున్నాయి ఈనెమ్మా. రేపు తయారు చెట్ల మీద చర్చ. ఎల్లుండి ఆ చర్చ మీద చర్చ."

"ఆ నేతపలకలో గడ్డి పెట్టి ఒకసారైనా లాగి చూశావా?"

నారప్ప ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "గట్టిగా అనకు. అభిప్రాయం చెప్పేవాడు వాడకూడదు. వాడితే పక్షపాతం వస్తుంది."

"వాడకుండా ఎలా తెలుస్తుంది?"

"అందుకే ఇంత పెద్ద సంఘం!"

ఈనెమ్మ వాడి కాళ్ళ కిందున్న పేటికని చూసింది. "పిల్లలు నిన్న మళ్ళీ వాగు దాకా వెళ్ళారు," అని మాత్రం చెప్పి ఎగిరిపోయింది.

ఆ మాట నారప్పకి ముల్లులా గుచ్చుకుంది. రేపు చర్చ కాగానే వెళ్ళి చిట్టడవికి కనీసం ఒక అడుగైనా వేద్దామనుకున్నాడు. కానీ రేపటి చర్చకి మూడు అడవుల వాళ్ళు వచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం సంఘమంతా మద్దిచెట్టు నీడలో కునుకు తీస్తున్నప్పుడు, ఈనెమ్మ ఇద్దరు ఎలుగుపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పేటికని దొర్లించుకుపోయి, దాని చోట అంతే ఎత్తున్న ఒక మొద్దుని పెట్టించింది. సాయంత్రం నారప్ప వచ్చి మొద్దు మీద కూర్చుని, పేటిక గురించి యథాప్రకారం మాట్లాడాడు. గెంతులయ్య మూత ఎత్తబోయి, మూత లేకపోవడం చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు. ఆ తర్వాత చాకచక్యంగా, "అబ్బో, మూతే లేకుండా చేశారు! ఎంత పురోగతి!" అని ఎగిరాడు. ఆరోజు చప్పట్లు ఇంకా ఎక్కువ.

రోజులు గడిచాయి. పడమర కొండ మీద మబ్బు దిగింది. ఒక పొద్దున కలాపరావు పరుగున వచ్చి ప్రకటించాడు. "శుభవార్త! సర్వకేళితో కట్టిన మొట్టమొదటి ఆట ఇవాళ అరుగెక్కుతోంది! మన అధ్యక్షుల వారు అందరి ముందూ అభిప్రాయం చెబుతారు!"

"ఎవరు కట్టారు?" అని అడిగాడు నారప్ప కొంచెం కలవరంగా.

"పేరు తర్వాత చెబుతారట. ముందు నిష్పాక్షికమైన మాట కావాలట."

అరుగు మీద ఆట నిలబడి ఉంది. చుట్టూ తయారు చెట్లు, బయటంతా మట్టిపూత, వాకిట్లో నెమలీక. అదొక చిట్టడవి. నారప్ప పైనుంచి ఒకసారి ఎగిరి చూశాడు. కప్పు సందుల్లోంచి మొదటి మూడు మలుపుల దాకా చూశాడు. తాను ఏళ్ళ తరబడి పూర్తి చేయలేనిదాన్ని ఇంకెవరో ఇన్నాళ్ళలోనే పూర్తి చేసి పెట్టారని అర్థమైంది. ఆ అక్కసుతోనే మొద్దెక్కాడు.

అంతకుముందెన్నడూ అంత బాగా మాట్లాడలేదు వాడు. అటూ ఇటూ కాని మాటలు ఆరోజు ఒక్కటీ రాలేదు.

"చూశారా ఈ దారి?" అన్నాడు. "ఎడమకి తిరగాలి. తర్వాత? మళ్ళీ ఎడమకి. తర్వాత? మళ్ళీ ఎడమకే! దీన్ని అల్లినవాడికి లోకంలో కుడివైపు అనేది ఒకటుందని తల్లి చెప్పలేదా?"

జనం గొల్లుమన్నారు.

"ఆ పైకప్పు చూడండి! ఒక పోగు చాలినచోట ఐదు పోగులు. ఇది ఆట కోసం అల్లింది కాదు, అద్దంలో చూసుకోవడానికి అల్లింది! అల్లుతూ అల్లుతూ తనని తాను మెచ్చుకుని అలిసిపోయి ఉంటాడు!"

కుందేళ్ళు దొర్లి దొర్లి నవ్వాయి. గోలప్ప నవ్వుతూ ఏడ్చాడు.

"నా తుది అభిప్రాయం," అని నారప్ప రొమ్ము విరిచాడు. "ఈ ఆట పైభాగం మతిలేనిది. కిందిభాగం ప్రాణంలేనిది. పైభాగం కట్టినవాడు వృత్తి మానుకుంటే అడవికి మేలు."

చప్పట్లు ఆగాక, జనంలోంచి ఈనెమ్మ ఎగిరి వచ్చి ఆట వాకిట్లో వాలింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"కిందిభాగం నాది," అంది. "నేతపలకతో లాగాను. పైభాగం నీదయ్యా. తుమ్మచెట్టు నుంచి దింపి, నువ్వు గుర్తుపట్టకుండా మట్టి పూసి తెచ్చాను."

ఎక్కడో ఒక తొండ కిసుక్కుమంది. ఆ వెంటనే మొదలైన నవ్వు నారప్ప జీవితంలో విన్న అన్ని చప్పట్ల కన్నా పెద్దది.

"నేను ముందే చెప్పాను!" అని అరిచాడు గోలప్ప, ఏం చెప్పాడో ఎవరికీ తెలియకపోయినా.

నారప్ప మొద్దు మీదే ముడుచుకుని కూర్చున్నాడు. వింతేమిటంటే, తాను చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదని అప్పుడు తోచింది. అన్నాళ్ళు అధ్యక్షుడిగా ఉండి వాడు చెప్పిన నిజమైన అభిప్రాయం అదొక్కటే.

అప్పుడే చినుకులు పడ్డాయి. చూస్తుండగానే వాన కుండపోతగా మారింది. భల్లమ్మ లేచి, నలుగురు ఎలుగుల్ని పిలిచి, "ఆటని గుహలోకి మోయండి," అంది.

కలాపరావు అడ్డుపడ్డాడు. "అమ్మా, కుదరదు! అరుగు మీద పెట్టిన ఆట అరుగు మీదే ఆడాలి. నిన్నటి నుంచి కొత్త షరతు!"

"అయితే ఈ ముసురులో నీ అరుగు మీద నువ్వే ఆడుకో నాయనా," అంది భల్లమ్మ. ఎలుగులు ఆటని ఎత్తుకున్నాయి. వాన చూసి ఆగలేక కలాపరావు ఎలాగూ ఆడటం మొదలుపెట్టాడు.

గుహలో పిల్లలు ఎవరి అభిప్రాయం కోసమూ ఆగలేదు. కుందేలుపిల్లలు, ముంగిసపిల్లలు, ఉడుతపిల్లలు ఒకదాని వెనక ఒకటి చిట్టడవిలోకి దూరాయి. కుంటికాలి జింక ఇప్పుడు పెద్దదైంది, లోపల పట్టదు. వాకిట్లో కూర్చుని ఎవరు ముందొస్తారో చూస్తోంది. బయట వాగు హోరుమంటోంది. ఎవరికీ దాని ధ్యాసే లేదు.

నారప్ప గుహ మూలలో ఒక రాతి చాటున నక్కి కూర్చున్నాడు. ఈనెమ్మ వచ్చి పక్కన వాలింది.

"లోపలికి వెళ్ళి చూడవా?"

"అల్లినవాడిని. నాకు తెలియనిదేముంది?" అన్నాడు నీరసంగా.

"ఎప్పుడైనా దూరావా?"

లేదు. ఒక్కసారి కూడా లేదు. అడుగు లేనిదాంట్లోకి ఎవరు దూరతారు?

వెళ్ళాడు. ఎడమకి తిరిగాడు. మళ్ళీ ఎడమకి తిరిగాడు. మళ్ళీ ఎడమకి తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి పడ్డాననుకుని, నిజానికి ఎక్కడున్నాడో తెలియక ఆగిపోయాడు. చీకటి. ఆకులవాసన, మట్టివాసన. గోడ అవతల ఎవరో పిల్లలు అదే మూడో ఎడమ దగ్గర గుద్దుకుని పగలబడి నవ్వుతున్నారు. "మళ్ళీ మోసపోయామే! ఈసారి కళ్ళు మూసుకుని తిరుగుదాం!"

నారప్ప ఆ మలుపు అల్లిన రోజు గుర్తుకు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. ఆరోజు పొరపాటున తిప్పి ఉంటాడు. ఆ పొరపాటుకి ఇంతమంది నవ్వుతున్నారు. వాడు మాత్రం దాన్ని అన్నేళ్ళు కొమ్మకి వేలాడదీసి, ఎవరూ లోపలికి రాకుండా కాపాడుకున్నాడు.

"ఎవరదీ, దారి తప్పిందా?" అని ఒక ముంగిసపిల్ల వెనక నుంచి తోసింది. "పక్కకి జరగండి బాబాయ్, ఇది మా దారి!"

వాడు పక్కకి జరిగాడు. అది దూసుకుపోయింది. దాని తోక పట్టుకున్నంత పని చేసి వెంటబడి నారప్ప కూడా ఇప్పపువ్వు దాకా చేరాడు. అంతటితో వాడి కథ సుఖాంతమవ్వాలి. కానీ సంఘం ఇంకా ఉంది కదా.

ముసురు కాస్త తెరిపివ్వగానే కలాపరావు మళ్ళీ పురి విప్పాడు. ఈసారి పేటిక చిన్నది.

"మిత్రులారా! మా సంస్థ ఒకటి గమనించింది. ఈ అడవిలో ఆటల కన్నా ఆటల సామాను మీద అభిప్రాయాలకే జనం ఎక్కువ వస్తున్నారు. కాబట్టి, ఇదిగో, సర్వవాణి! అభిప్రాయాలు తయారుచేసే పేటిక! దేని మీదైనా సరే, పొగడ్తవైపు తిప్పితే పొగడ్త, తిట్టువైపు తిప్పితే తిట్టు!"

పేటికలో చిలకలు నాలుగు ఉన్నాయి. మీట తిప్పితే చాలు, గోలప్ప ఏడుపుతో, గెంతులయ్య "అబ్బో"తో సహా గడగడా చెప్పేస్తున్నాయి.

సంఘం భగ్గుమంది. "ఇది అన్యాయం!" అని లేచాడు బిరుసయ్య. "నా ముట్టెలోంచి రానిది తిట్టే కాదు! మా రోజుల్లో ఒక తిట్టుకి ఒక ఏడాది పట్టేది!"

"అభిప్రాయమంటే గుండెలోంచి రావాలి!" అని ఏడ్చాడు గోలప్ప. పక్కనే ఒక చిలక అదే మాట అంటూ ఇంకా బాగా ఏడ్చింది.

గెంతులయ్య అప్పటికే సంఘానికి రాజీనామా చేసి, సర్వవాణి చుట్టూ ఎగురుతున్నాడు.

"అధ్యక్షా, నువ్వు చెప్పు! దీని సంగతి తేల్చు!" అని అందరూ నారప్పని ముందుకు తోశారు. వాడు అలవాటుగా తల పక్కకి వాల్చాడు. "ఇందులో మంచీ ఉంది..."

"చెడూ ఉంది. లోతుగా చూడాలి," అంది చిలక, తల అదే వైపుకి వాల్చి.

నారప్ప చిలకని చూశాడు. తన గొంతు, తన వంపు, తన బరువైన విరామం, అన్నీ దిగిపోయాయి. ఇంతకాలం తానెలా కనబడ్డాడో మొదటిసారి కళ్ళారా చూసుకుని, ముందు సిగ్గుపడి, తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు. నవ్వుతూనే అధ్యక్షపదవి చిలకకి అప్పగించాడు. సంఘంలో ఎవరికీ తేడా తెలియలేదు.

ఆ తర్వాత సంగతులు సూటిగా చెప్పేస్తాను. భల్లమ్మ సంఘాన్ని రద్దు చేయలేదు. చిలకలు ఉన్నాయి కాబట్టి మిగతావాళ్ళు మాట్లాడక్కర్లేదని, తిండి మాత్రం ఆటలు తెచ్చినవాళ్ళకేనని చెప్పింది. బిరుసయ్య అచ్చు అరువు తెచ్చుకుని, ఎవరూ చూడకుండా గుంటలు వేసి, వాటి అంచుల్ని ముట్టెతో కొంచెం చెరిపి తన సొంత తవ్వకమని చెప్పుకున్నాడు. పిల్లలకి గుంట కావాలి గానీ దాని పుట్టుక అక్కర్లేదు. గోలప్ప దాచిన రాళ్ళు వెతకడమే ఒక ఆటైంది, ఎందుకంటే నిజంగానే ఎవరికీ తెలియదు అవెక్కడున్నాయో.

నారప్ప గోపురానికి కిందిభాగం అల్లాడు. వంకరగా వచ్చింది. ఒక పునుగుపిల్ల అందులో ఇరుక్కుని అరిస్తే, ఈనెమ్మ దాన్ని బయటికి లాగి, "ద్వారం చిన్నదైంది," అంది. వాడు విప్పి మళ్ళీ అల్లాడు. ఈసారి పెద్దదైపోయింది, ఎలుగుపిల్ల మొత్తంగా దూరి గోపురాన్ని తొడుక్కుని తిరిగింది. ఆ వానాకాలం అడవిలో అందరికీ ఎక్కువ నచ్చిన ఆట అదే.

వాన వెలిశాక పక్క అడవి కణుజు మళ్ళీ వచ్చింది. ఈసారి పింఛం సంస్థ ఇంకో పేటిక తెస్తోందట, మూడు అడవులూ అట్టుడికిపోతున్నాయట. "దాని మీద మీరేమంటారండీ?" అని ఆశగా అడిగింది.

నారప్ప ముక్కున గడ్డిపోచ ఉంది. దాన్ని వదిలితే ముడి జారుతుంది. అందుకని తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. "ఎంత కఠినమైన అభిప్రాయం!" అని అబ్బురపడుతూ కణుజు ఆ వార్త చెప్పడానికి పరిగెత్తింది.

నీతి: కొత్త సాధనం ఏదొచ్చినా దాని మీద మీ అభిప్రాయం వెంటనే చెప్పేయండి, ఆలస్యం చేస్తే ఎవరో ఒకరు దాన్ని వాడి చూసే ప్రమాదం ఉంది.